ఏది తేడా? ఎవరికి తేడా?

హయత్‌నగర్ నుంచి ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళే దారుల్లో ఒకప్పుడు పొలాలు ఎక్కువ, ఇళ్ళు తక్కువ. ఇప్పుడు ఆ దారుల పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలు, హాస్టళ్ళు, ప్లాట్ల బోర్డులు. ఆదిబట్లలో టీసీఎస్ ప్రాంగణం. పొద్దున్నే కాలేజీ బస్సుల కోసం నిలబడే ఆడపిల్లల్లో చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం. తల్లులు కూలికో, ఇళ్ళల్లో పనికో, భవన నిర్మాణాల దగ్గరికో పోతారు. ఆ పిల్లల్ని ఏం చదువుతున్నావమ్మా అంటే ఈమధ్య ఎక్కువగా వినిపించే మాట 'డేటా'. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, ఆసుపత్రుల్లో, ప్రభుత్వ శాఖల్లో కుప్పలుగా పోగవుతున్న లెక్కల్లో మామూలుకు భిన్నంగా కనిపించేదాన్ని పట్టుకోవడం ఇప్పుడొక వృత్తి. జీతం ఉంది, గౌరవం ఉంది, ఎండ తగలని గది ఉంది. మన పిల్లలు ఆ ఉద్యోగాల్లోకి వెళ్ళాలి. అందులో రెండో మాట లేదు.

అయితే స్త్రీల హక్కుల గురించి మాట్లాడే మనం ఆ ఉద్యోగం గురించి ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. లెక్కల్లో తేడా అంటే ఏమిటి? ఎవరి లెక్కలో అది తేడా? ఆ తేడా పట్టినందువల్ల ఎవరి నోటి దగ్గర కూడు పోతోంది? ఏ తేడాలు అందరి కళ్ళెదుట ఉన్నా ఎవరూ పట్టడం లేదు? ఇది కంప్యూటర్ నిపుణులకు వదిలేయదగిన విషయం కాదని మేం అనుకుంటున్నాం. అందుకే ఈసారి సంపాదకీయంలో చర్చకు పెడుతున్నాం.

మొదట ఆ పని ఎలా జరుగుతుందో చూద్దాం. స్థూలంగా మూడు పద్ధతులున్నాయి. మొదటిది నియమం పెట్టి చూడటం: కారున్న ఇంటికి తెల్ల కార్డు ఉండకూడదు అన్న నియమం పెడితే, ఆ రెండూ ఉన్న పేర్లను యంత్రం బయటికి లాగుతుంది. రెండోది మధ్యస్థం నుంచి ఎంత దూరం ఉందో కొలవడం. ఇలా కొలిచే సూత్రాల్లో ఒకటి 1936లో మన దేశపు గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఇచ్చిందే, ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుతున్నారు. మూడోది పాత కేసుల నుంచి నేర్పించడం: ఇది మోసం, ఇది కాదు అని మనుషులు ముందే ముద్రలు వేసిన వేలాది ఉదాహరణలు యంత్రానికి చూపిస్తే, కొత్తవాటిపై అది ముద్ర వేస్తుంది. మూడింటిలోనూ 'మామూలు' అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. నియమం రాసిన అధికారి, మధ్యస్థంలో ఉన్న జనం, పాత కేసులకు ముద్రలు వేసిన చేతులు కలిసి మామూలు ఏదో నిర్ణయిస్తాయి. సమాజంలో ఎవరిది పైచెయ్యో వాళ్ళ జీవితమే మామూలవుతుంది. మిగతావాళ్ళు తేడా అవుతారు.

మన రాష్ట్రంలో దీనికి నిదర్శనం సమగ్ర వేదిక. తెలంగాణ ప్రభుత్వం ఒక ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీ సాంకేతికతతో రకరకాల శాఖల జాబితాలను కలిపి ఈ వ్యవస్థను కట్టింది. వాహనాల రిజిస్ట్రేషన్లు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు, పింఛన్లు వంటి వివరాలన్నీ ఒక మనిషి పేరు కిందికి, ఒక కుటుంబం కిందికి చేర్చి, అనర్హులెవరో చెబుతుందన్నారు. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఈ ఏరివేతలో 2016 తర్వాత ఈ యంత్రానిది పెద్ద పాత్ర. చాలామందికి ముందుగా నోటీసు లేదు, ఇంటికొచ్చి అడిగినవారు లేరు. రేషన్ షాపు దగ్గర వరసలో నిలబడి, తమ వంతు వచ్చాక, పేరు లేదు పొమ్మంటే తెలిసింది. రిక్షా తొక్కి బతికిన మనిషి కుటుంబాన్ని యంత్రం కారు ఓనర్ల లెక్కలో వేసిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. పేరు, ఇంటిపేరు కాస్త దగ్గరగా ఉంటే చాలు, ఎవరి కారో ఎవరి నెత్తినో పడింది.

హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఈ రద్దులపై న్యాయపోరాటం చేశారు. రద్దయిన కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్ళీ విచారించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పునఃపరిశీలన కోసం దాదాపు 4.92 లక్షల దరఖాస్తులొచ్చాయి. ఆ ఏడాది జులై నాటికి 2.05 లక్షలకు పైగా పరిశీలించగా 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. వందకు ఏడున్నర. ఆ ఏళ్ళలో రేషన్ బియ్యం మనిషికి నెలకు 6 కిలోలు, కిలో ఒక రూపాయి. నలుగురున్న ఇంటికి ఏడాదికి 288 కిలోలు. అన్నేళ్ళు ఆ బియ్యాన్ని బజారు ధరకు కొనుక్కున్నదెవరు? కొనలేక తన వంతు తగ్గించుకుని తిన్నదెవరు? 2025లో కొత్త కార్డులు ఇవ్వడం మొదలైంది, మంచిదే. పోయిన ఏళ్ళ తిండిని ఏ కార్డూ తిరిగి ఇవ్వదు.

ఈ తప్పులు యంత్రం దృష్టిలో యాదృచ్ఛికం కావచ్చు. సమాజ శాస్త్రం దృష్టిలో కావు. యంత్రానికి నికరమైన పేరు కావాలి, నికరమైన ఇల్లు కావాలి, నికరమైన కుటుంబం కావాలి. మన స్త్రీలకు ఆ మూడూ నికరంగా ఉండవు. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది. ఒక కాగితంలో పుట్టింటి పేరు, ఇంకో కాగితంలో అత్తింటి పేరు. లక్ష్మమ్మ అని ఒకచోట, లచ్చమ్మ అని ఒకచోట, ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళేసరికి నాలుగు రకాలు. భర్త వదిలేసిన మనిషి కాగితంలో ఇంకా ఆ భర్త ఇంట్లోనే ఉంటుంది, అతను కొన్న బండి ఆమె ఖాతాలో పడుతుంది. తమ్ముడి ఇంట్లో ఓ గదిలో విడిగా వండుకు తినే వితంతువు యంత్రం లెక్కలో ఆ తమ్ముడి సంపాదన మీద బతుకుతున్నట్టే. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసినప్పుడు కుటుంబం అంటే ఎవరన్న ప్రశ్నకు ప్రభుత్వం ఇచ్చుకున్న జవాబు, స్త్రీలు నిజంగా బతికే తీరుతో ఎన్నిచోట్ల సరిపోలేదో క్షేత్రంలో పనిచేసే మీకు మేం చెప్పనక్కర్లేదు. ఇంటిపెద్ద మగవాడు, ఇంట్లో వచ్చిన ప్రతి రూపాయీ అందరికీ సమానంగా అందుతుంది అన్న పాత ఊహే యంత్రంలోకీ వెళ్ళింది.

ఇంకో చిన్న లెక్క మనమంతా నేర్చుకోవాలి. నూటికి తొంభై అయిదు సార్లు కరెక్టుగా చెబుతుందని ఏ యంత్రం గురించైనా అంటే అబ్బో అనిపిస్తుంది. ఉదాహరణకు లక్ష కార్డులున్నాయనుకుందాం. వాటిలో అనర్హులవి 1,000 అనుకుందాం. యంత్రం ఆ వెయ్యిలో 950 పట్టుకుంటుంది. మిగిలిన 99,000 మంది అర్హుల్లో నూటికి అయిదుగురిని, అంటే 4,950 మందిని పొరపాటున దొంగలంటుంది. మొత్తం పట్టుబడినవాళ్ళు 5,900. ప్రతి ఆరుగురిలో అయిదుగురు ఏ తప్పూ చేయనివాళ్ళు. యంత్రం చెడ్డది కాకపోయినా ఇలా జరుగుతుంది. అరుదైన తప్పు కోసం అందరినీ జల్లెడ పడితే అమాయకులే ఎక్కువ చిక్కుతారు. అందుకని యంత్రం చూపించింది అనుమానం మాత్రమే, తీర్పు కాదు. అనుమానానికీ తీర్పుకూ మధ్య ఒక మనిషి ఆ ఇంటి గడపకు వెళ్ళి రావాలి. ఆ నడక ఖర్చు మిగుల్చుకోవడం కోసమే యంత్రం తెచ్చామని ప్రభుత్వం అనుకుంటే, ఆ ఖర్చు పేదరాలి కడుపు మీద పడుతుంది.

తెలంగాణలోనే ఇదే రకం పని ఇంకోచోట ఎలా జరిగిందో చూడండి. ఐఐటీ హైదరాబాద్ పరిశోధకుల సహకారంతో వాణిజ్య పన్నుల శాఖ, సరుకు కదలకుండా బిల్లులు మాత్రమే చేతులు మార్చుకునే వ్యాపారుల ముఠాలను లెక్కల్లోంచి పట్టుకునే పద్ధతులు తయారుచేసుకుంది. మెచ్చుకోదగిన పని. అయితే అక్కడ పట్టుబడిన వ్యాపారికి చట్టం ప్రకారం ముందు నోటీసు వెళుతుంది. జవాబు చెప్పుకోవడానికి గడువుంటుంది. తన తరఫున ఆడిటర్‌ను, లాయరును పెట్టుకుంటాడు. ఉత్తర్వు నచ్చకపోతే అప్పీలుకు వెళ్తాడు. కోట్లు ఎగ్గొట్టాడన్న అనుమానం ఉన్నవాడికి ఇన్ని మెట్లు. ఆరు కిలోల బియ్యం మీద అనుమానం వచ్చిన మనిషికి ఒక్క మెట్టు కూడా లేదు. సాంకేతికత రెండు చోట్లా ఒకలాంటిదే. తేడా అంతా అవతల ఉన్న మనిషి హోదాలో ఉంది.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకునే వేలాది తల్లిదండ్రులను పన్నుల శాఖ మోసగాళ్ళుగా ముద్రవేసి, ఇచ్చిన సొమ్మంతా కక్కమంది. ఎవరిమీద ఎక్కువ అనుమానపడాలో లెక్కగట్టడంలో పరాయి జాతీయతను కూడా ఒక గుర్తుగా వాడారని తరవాత బయటపడింది. వలస వచ్చిన కుటుంబాలు, ఒంటరి తల్లులు అప్పుల్లో కూరుకుపోయారు. 2021 జనవరిలో ఆ ప్రభుత్వమే రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో సంక్షేమ సాయం తీసుకునేవారి ఆదాయాన్ని ఏడాది సగటుతో లెక్కగట్టి, లేని బాకీలు వేసి వసూలు చేశారు. కొన్నాళ్ళు పని దొరికి, కొన్నాళ్ళు దొరకని బతుకుల్ని సగటు ఎలా పట్టుకుంటుంది? 2023 జులైలో అక్కడి విచారణ కమిషన్ ఆ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. డబ్బున్న దేశాల్లో సైతం యంత్రాన్ని మొదట తిప్పింది పేదల వైపే.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. ఏ తేడాలు ఎవరి కంటా పడటం లేదు?

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టి ఒక్కరోజులో 34 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. కొద్దిరోజుల్లో నలుగురు చనిపోయారు. మిగతావారిని హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రులకు తరలించాల్సి వచ్చింది. ఒక బృందం రోజుకు 30కి మించి చేయకూడదని కేంద్ర ప్రభుత్వ నిబంధన. 34 అనేది 30 కంటే ఎక్కువని చెప్పడానికి ఏ యంత్రం కావాలి? 2014 నవంబరులో బిలాస్‌పూర్ దగ్గర కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేస్తే 13 మంది చనిపోయారు. 2010 నుంచి 2013 దాకా దేశంలో ఈ ఆపరేషన్ల వల్ల 363 మంది మరణించారన్న లెక్క సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పులో మూడేళ్ళలో శిబిరాల పద్ధతికి స్వస్తి చెప్పాలని కోర్టు అన్నది. ఆ మూడేళ్ళు గడిచిపోయిన తరవాతే ఇబ్రహీంపట్నం జరిగింది. దేశంలో పెళ్ళయిన స్త్రీలలో 37.9 శాతం ఈ ఆపరేషన్ చేయించుకుంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అది 61.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 69.6 శాతం. మగవారి వంతు నామమాత్రం. ఇంత పెద్ద తేడాను ప్రభుత్వం తేడా అనలేదు, విజయం అన్నది.

గర్భసంచి తీసివేత సంగతీ అంతే. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 3.2 శాతానికి గర్భసంచి తీసేస్తే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశ సగటుకు రెండింతలకు మించి. అవసరం లేని ఈ ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. ఏ ఆసుపత్రిలో, ఏ వయసువారికి, ఏ కారణం రాసి, నెలకు ఎన్ని చేస్తున్నారో బీమా బిల్లుల్లో ఉంటుంది. బిల్లు ఎక్కువైందా అని చూసే కళ్ళు, ముప్ఫయ్యేళ్ళ మనిషికి గర్భసంచి ఎందుకు తీశారని చూడవు.

చూడదలిస్తే చూడవచ్చని చెప్పే ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలుంటే, 2011కు 939కి పడిపోయారు. లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి స్కానింగ్ సెంటరూ గర్భిణి వివరాలతో ఫారం-ఎఫ్ నింపాలి. ఏళ్ళ తరబడి ఆ ఫారాలు బీరువాల్లో మగ్గాయి. 2004-05 ప్రాంతాల్లో అప్పటి హైదరాబాద్ కలెక్టర్ అరవింద్ కుమార్ వాటిని తెప్పించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి చూస్తే లోపాలు, ఖాళీలు, పొంతన లేని రాతలు కుప్పలుగా బయటపడ్డాయి. సెంటర్లపై చర్యలు మొదలయ్యాయి. ఇదీ లెక్కల్లో తేడా పట్టడమే. అయితే ఇక్కడ చూపు కిందికి కాదు, పైకి. తిండి అడిగిన మనిషి మీద కాదు, స్కానింగ్ యంత్రం సొంతదారు మీద.

అలా పైకి చూసే పనిని వేల మంది మామూలు మనుషులు చేసిన చరిత్ర కూడా తెలుగు నేలదే. ఉపాధి హామీ పనుల్లో 2006 నుంచి మొదలైన సామాజిక తనిఖీ, 2009లో ప్రత్యేక సంస్థగా ఏర్పడింది. కూలీల కుటుంబాల నుంచి వచ్చిన యువతీయువకులు మస్టర్ల నకళ్ళు చేతపట్టుకుని ఇంటింటికీ వెళ్ళారు. ఈ వారం నువ్వు పనికి పోయావా, ఎన్ని రోజులు, ఎంత ముట్టింది అని అడిగారు. చనిపోయినవారి పేర్లు, ఊళ్ళో లేనివారి వేలిముద్రలు, తవ్వని గుంతలు బయటపెట్టారు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివారు. పదో తరగతో ఇంటరో చదివిన ఆడపిల్లలు అధికారులను నిలదీశారు. బెదిరింపులు ఎదుర్కొన్నారు. ఇది కూడా డేటాలో తేడా పట్టే వృత్తే. కానీ దీన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, ఆ జీతమూ ఇవ్వలేదు. ఏసీ గదిలో తెర ముందు కూర్చుని చేస్తే విశ్లేషణ, చెప్పులరిగేలా తిరిగి చేస్తే కాంట్రాక్టు పని. శ్రమకు వెలకట్టడంలో ఈ వివక్ష స్త్రీలకు కొత్త కాదు.

దొంగ కార్డులు లేవా, దొంగ బిల్లులు లేవా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఉన్నాయి. రేషన్ బియ్యం పక్కదారి పట్టించే డీలర్లపై దశాబ్దాలుగా కొట్లాడుతున్నది స్త్రీలే. దొంగతనం పట్టవద్దని మేం అనడం లేదు. యంత్రం అక్కర్లేదనీ అనడం లేదు. ఎవరి మీద చూపు పెట్టాలన్నది రాజకీయ నిర్ణయం, దాన్ని యంత్రం నిర్ణయంగా చెప్పి తప్పించుకోవద్దంటున్నాం. పట్టుబడినవారికి మాట చెప్పుకునే హక్కు ఉండాలంటున్నాం.

అందుకే కొన్ని కోర్కెలు మన సంఘాల ఎజెండాలోకి రావాలి. యంత్రం చెప్పిందని ఏ కార్డూ, ఏ పింఛనూ రద్దు చేయకూడదు. తెలుగులో, ఉర్దూలో రాతపూర్వక నోటీసు, ఇంటికొచ్చి విచారణ, అప్పీలుకు గడువు తప్పనిసరి చేయాలి. విచారణ తేలేదాకా బియ్యం ఆగకూడదు. ఏ నియమాల మీద అనుమానిస్తున్నారో, ఎన్ని అనుమానాలు తప్పని తేలాయో ఏటా ప్రకటించాలి. విడిగా బతికే స్త్రీని విడి కుటుంబంగా గుర్తించాలి. సామాజిక తనిఖీ ఈ యంత్రాలకూ వర్తించాలి, తనిఖీ చేసేవారివి భద్రత ఉన్న ఉద్యోగాలు కావాలి. కుటుంబ నియంత్రణ శిబిరాలు, గర్భసంచి ఆపరేషన్లు, స్కానింగ్ ఫారాల లెక్కల్ని ఆసుపత్రుల వారీగా బయటపెట్టాలి.

క్షేత్రంలో ఉన్న కార్యకర్తలు రేపే మొదలుపెట్టగల పని ఒకటుంది. మీ బస్తీలో, మీ ఊళ్ళో ఏ కార్డు ఎప్పుడు ఆగింది, ఏ కారణం చెప్పారు, ఆ ఇంట్లో నిజంగా ఉన్నదెవరు అని ఒక నోటుబుక్కులో రాయండి. సమాచార హక్కు చట్టం కింద కారణం అడగండి. ఇరవై కేసులు పక్కపక్కన పెడితే, యంత్రం ఎక్కడ తప్పుతోందో దాన్ని కట్టినవారికన్నా ముందు మీకు తెలుస్తుంది.

ఇక డేటా చదువులు చదువుతున్న ఆడపిల్లలతో ఒక మాట. అమ్మాయిలూ, ఈ ఉద్యోగాలు సంపాదించండి. గణితం ఆడవాళ్ళకు రాదన్నవాళ్ళ నోళ్ళు మూయించండి. తెర మీద ఎర్రగా వెలిగిన ప్రతి గీత వెనకా ఒక గడప ఉందని గుర్తుంచుకోండి. ఈ నియమం ఎవరు రాశారు, తప్పయితే ఎవరు నష్టపోతారు అని మీ పై అధికారిని అడగండి. మీ కాలేజీలో ప్రాజెక్టు చేయాల్సి వచ్చినప్పుడు పక్క ఊరి రేషన్ జాబితానో, ఆసుపత్రి లెక్కలనో తీసుకుని మా సంఘాల కార్యకర్తలతో కలిసి నాలుగిళ్ళు తిరగండి. లెక్క మీకు తెలుసు, ఊరు వాళ్ళకు తెలుసు. ఆ రెండూ కలిసిన చోటే న్యాయమైన లెక్క పుడుతుంది.

ఈ విషయంపై పాఠకులు తమ అనుభవాలు, భిన్నాభిప్రాయాలు రాసి పంపాలని కోరుతున్నాం. వచ్చే సంచికలో వాటికి చోటు కేటాయిస్తాం.